మా తొమ్మిదో తరగతి బ్లాగు, వెంకటరమణప్ప బోరు

ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మ ఫోన్ చేసి, క్లాసులో బ్లాగులూ గీగులూ ఎలా వాడాలో నన్ను అడిగి తెలుసుకోమని వాళ్ళ హెడ్ మేడం చెప్పిందని అంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడి మరీ మాట్లాడాను. ఇంత సర్వీసులో నా దగ్గర ఏదైనా నేర్చుకుంటానని అడిగిన మొదటి మనిషి ఆవిడే. పిల్లలు ఎప్పుడూ అడగలేదు. గంట కొట్టేదాకా వేరే దారి లేక విన్నారు, అంతే.

ఫోనులో ఆమెకు చెప్పగలిగింది తక్కువ, అందుకే ఇది రాస్తున్నాను. నేను లెక్కలు, సైన్సు చెప్పిన సర్కారు హైస్కూలు మేష్టరిని. కాపురం కర్ణాటకలోని చిక్కబళ్ళాపురంలో, ఆఖరి ఉద్యోగం బాగేపల్లి దాటి ఆంధ్రా సరిహద్దు వైపు లోపలికి పోయే ఒక ఊళ్ళో. ఆ దారిలో నేను బస్సులో నిలబడి చేసిన ప్రయాణమంతా కలిపితే చంద్రుడి దాకా పోయి, అక్కడా సీటు దొరక్క తిరిగి రావచ్చు. గొంతు పాడై, యాభై దాటిన కొన్నాళ్ళకే వాలంటరీ రిటైర్మెంటు తీసుకున్నాను. నా గొంతులోంచి తీసిన చాక్‌పీసు పొడితో మూడు గదుల ఇంటికి సున్నం కొట్టొచ్చని డాక్టరు అన్నాడు. నోరు తెరిచి అనలేదు గానీ, అనబోయినట్టు ముఖం పెట్టాడు.

ప్రమోషన్ల సంగతి, ఏ సర్క్యులరుకు ఏం జవాబు రాశానన్న సంగతి ఇక్కడ ఉండదు. ఊరి పేరు కూడా రాయను. ఇందులో పెండ్లి విషయం ఉంది.

ఆయుధపూజ కంప్యూటర్లు

నేను పోయేసరికి ఆ ఇస్కూల్లో కంప్యూటర్ల గది ఒకటి ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి అప్పటి హెడ్మాస్టరు నడుముకు ఉంది. ఆయన మంచివాడే. వస్తువు పాడవకూడదంటే దాన్ని ముట్టుకోకూడదని నమ్మిన మనిషి. ఏడాదికొకసారి ఆయుధపూజనాడు తలుపు తెరిచేవాడు. పిల్లలు కంప్యూటర్లకు విభూతి పట్టెలు పెట్టి, కుంకుమ అద్ది, చామంతి దండలు వేసి, బూడిద గుమ్మడికాయతో దిష్టి తీసేవాళ్ళు. తలుపు మళ్ళీ మూసుకునేది. నేను మొదటిసారి చూసినప్పుడు కీబోర్డు మీద కుంకుమ ఎంత పేరుకుందంటే, దాన్ని గీకి తీస్తే ఊరందరికీ ఒక ఏడాది బొట్టుకు సరిపోయేది. వైర్లను ఎలుకలు తిన్నాయి. పూజలందుకుంటూ ఏ పనీ చేయని పెద్దమనుషులు మా తాలూకులో చాలామంది ఉన్నారు కాబట్టి కంప్యూటర్లను మాత్రం తప్పు పట్టడానికి ఎవరికీ మనసు రాలేదు.

ఆ తర్వాత గిరిజమ్మ మేడం హెడ్డుగా వచ్చారు. తాళంచెవి పాత హెడ్మాస్టరుతోపాటు ట్రాన్స్‌ఫరై పోయిందని తెలిసి, బయట పడి ఉన్న ఒక రాయి తెచ్చి ఆమే తాళం పగలగొట్టారు. నా సర్వీసులో పైఅధికారులు చేసిన పనుల్లో నాకు నచ్చింది అదొక్కటే. ఆమెకు పాము భయం లేదు, దయ్యం భయం లేదు. ఆఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేసి 'ఇది ఏ సబ్జెక్టు కిందికి వస్తుంది?' అని అడుగుతారేమోనన్న భయం ఒకటే ఉండేది. కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: వాడి పాడైన కంప్యూటరుకు జవాబు చెప్పుకోవచ్చు, వాడకుండా పాడైనదానికి ఏం చెప్పుకుంటాం?

బాగైనవి రెండే. సిగ్నలు మాత్రం ఆ గదిలో రాదు. మధ్యాహ్నం భోజనం వండే గది గోడకు ఆనుకుని నిలబడితే వస్తుంది. అందుకని ఫోను పట్టుకుని అక్కడే నిలబడి, ఆ సిగ్నలును గదిలోని కంప్యూటరుకు అందించేవాళ్ళం. మా బ్లాగులోకి పోయిన ప్రతి ఫొటోకూ కాస్త సాంబారు వాసన అంటుకునే ఉంటుంది.

తరబేతి

చిక్కబళ్ళాపురంలో మాకు తరబేతి జరిగింది. ట్రైనింగును మా వైపు ఇస్కూళ్ళలో అట్లాగే అంటాం. తాలూకులన్నిటి మేష్టర్లం ఒక హాల్లో కూర్చున్నాం. చెప్పడానికి వచ్చిన కుర్రవాడికి మీసం ఇంకా సరిగా రాలేదు. బ్లాగు అంటే గోడ పత్రికలాంటిది, గోడ మాత్రం ఉండదు అన్నాడు. నా పక్కన కూర్చున్న గుడిబండ డ్రాయింగు మేష్టరు, మరి మేకులు దేనికి కొట్టాలని అడిగాడు. ఆ కుర్రవాడు ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ వెతుకుతూ ఉండాలి.

అందరం తలా ఒక బ్లాగు తెరిచాం. ఎవరూ కనిపెట్టలేని పాస్‌వర్డు పెట్టుకోమన్నారు. నేను పెట్టుకున్నది ఎంత గట్టిదంటే, ఆ సాయంత్రం చాయి తాగి వచ్చేసరికి నాకే తెలియకుండా పోయింది. ఆ మొదటి బ్లాగు ఇంకా నెట్టులో ఉంది. అందులో 'నమస్కారం, ఇది పరీక్ష' అని ఒకటే వాక్యం. దాన్ని చూసినవాళ్ళ సంఖ్య అప్పుడప్పుడు పెరుగుతూ ఉంటుంది. చూసేది నేనే.

రెండో బ్లాగు పిల్లలతో కలిసి తెరిచాను. పాస్‌వర్డు వాళ్ళ దగ్గరే ఉంచాను, అందుకే అది బతికింది. తరబేతిలో ఏ బటను ఎక్కడుందో చెప్తారు. చెప్పాల్సిన సంగతి ఒకటి చేతిలో లేకపోతే ఆ బటన్లన్నీ ఒకేలా ఉంటాయి. ఆ సంగతి దొరకడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

లేని నది

మొదట 'మా ఊరు' అని కన్నడలో రాయమన్నాను. మా ఇస్కూలు కన్నడ మీడియం. వచ్చిన ప్రతి వ్యాసంలోనూ ఊరి పక్కన గలగల పారే నది ఒకటి ఉంది. మా ఊళ్ళో నది లేదు. ఎక్కడో దూరాన ఉన్న నదిలో కూడా పారేవి ఇసుక లారీలే. గైడులో ఉన్న నదిని క్లాసంతా తలా ఒక బిందె ముంచుకుని తెచ్చుకుంది.

నేను అందరినీ కూర్చోబెట్టి, ఇంట్లో అమ్మతో కొట్లాడేది ఏ భాషలోనో ఆ భాషలో రాయండని చెప్పాను. ఇంట్లో అందరిదీ తెలుగే, కానీ తెలుగు అక్షరాలు ఒక్కరికీ రావు. కాబట్టి కన్నడ అక్షరాలతో తెలుగు రాశారు. బయటివాళ్ళకు వింతగా ఉంటుందేమో గానీ మాకిది మామూలే. అంగడి చీటీల నుంచి పెండ్లి పాటల దాకా మా ఆడవాళ్ళు అట్లాగే రాసుకుంటారు.

అప్పుడు వచ్చినవాటిలో లావణ్య అనే అమ్మాయిది ఒకటి: 'మా ఊళ్ళో నది లేదు. ట్యాంకరు ఉండాది. అది వచ్చేటప్పుడు ఊరంతా బిందెలు తీసుకోని పరిగెత్తుతాది. మా జేజి మాత్రం పరిగెత్తదు, ముందే పోయి కూర్చోనుంటాది.'

గిరిజమ్మ మేడం చదివి చాలాసేపు నవ్వారు. నవ్వు ఆగగానే భయం వచ్చింది. ఇది కన్నడా కాదు, తెలుగూ కాదు, ఏ సబ్జెక్టు కిందికి వస్తుందన్నారు. లెక్కలు మేడం అన్నాను. లెక్కల్లో ఏం జరుగుతుందని ఆఫీసులో ఎవరూ అడగరు, అడిగితే చెప్తామేమోనని వాళ్ళకే భయం. అట్లా ఆ బ్లాగు నా సబ్జెక్టు కిందికి వచ్చింది.

ఇంచీల లెక్క

మా వైపు బోరు నీళ్ళను ఇంచీల్లో చెప్తారు. కాలించి, అంటే పావు ఇంచి, ఆవుల తొట్టికే సరి. అరించి అంటే కొంప నిలబడుతుంది. ఒకించి అంటే టమోటా పెట్టొచ్చు. రెండించులు అంటే మనిషి నడక మారిపోతుంది, హోటల్లో ఎవరు కాఫీ తాగినా బిల్లు తానే ఇస్తాడు.

తొమ్మిదో తరగతి లెక్కల్లో సగటు, పట్టీల గ్రాఫు అనే పాఠం ఉంటుంది. పుస్తకంలో ఎవరో క్రికెట్ ఆడినవాళ్ళ పరుగులు ఇచ్చారు. అవి వదిలేసి మన ఊరి బోర్లు తీసుకుందామన్నాను. ఫోనులో అందరూ ఒకేసారి రాయగలిగే పట్టిక ఒకటి తెరిచాం. బోరు ఎన్ని అడుగులు, నీళ్ళు ఎన్ని ఇంచీలు అని ఇంట్లో అడిగి నింపాలి. నాకు వెబ్ టూల్ దొరికిన ఉత్సాహం. పాఠం చెప్పినంతసేపూ నేను నేలకు జానెడు ఎత్తున తేలుతూ ఉన్నానని పిల్లలే చెప్పారు.

పట్టిక నిండింది. గ్రాఫు గీసి చూస్తే ఊళ్ళో సగం ఇళ్ళలో సముద్రం, సగం ఇళ్ళలో దుమ్ము. పక్కపక్క పొలాల్లో కూడా అంతే. ఎవరికీ అర్థం కాలేదు. లావణ్య లేచి పట్టికలో ఇంకో వరస కలుపుతానంది. ఆ వరసకు 'పెండ్లికాని కొడుకు ఉండాడా' అని పేరు పెట్టింది. అది నింపగానే గ్రాఫు చక్కగా కుదురుకుంది. పెండ్లికాని కొడుకు ఉన్న ప్రతి ఇంట్లోనూ రెండించుల నీళ్ళు. మా ఊళ్ళో నీళ్ళు భూమిలోంచి రావు, బ్రహ్మచారుల్లోంచి వస్తాయని లెక్కల ప్రకారం తేలింది.

ఇందులో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు మా వైపు సేద్యం చేసే మగపిల్లవాడికి పెండ్లికూతురు దొరకడం బోరులో నీళ్ళు పడడం కంటే కష్టం. ఆడపెండ్లివాళ్ళు మొదట అడిగేది నీళ్ళ సంగతే. ఇక నిజంగా నీళ్ళున్నవాళ్ళు లేవంటారు. దిష్టి తగులుతుందని ఒక భయం, పక్క పొలం తమ్ముడు ఒక పైపు లాక్కుంటానని అడుగుతాడని ఇంకో భయం. ఉన్నవాడు లేవంటాడు, లేనివాడు ఉన్నాయంటాడు. దీన్ని మా ఊళ్ళో అబద్ధం అనరు, మర్యాద అంటారు.

సరే, అడగడం మానేసి కొలుద్దామన్నాను. ఒక బిందె, ఫోనులో గడియారం. బిందె ఎంతసేపట్లో నిండుతుందో చూస్తే లెక్క వచ్చేస్తుంది. ఎవరి ఇంటి బోరు వాళ్ళు కొలిచి, ఎవరి మాట వాళ్ళు బ్లాగులో రాశారు. నేను ఒక రూలు పెట్టాను: రాసినవాళ్ళు తప్ప ఇంకెవరూ దాన్ని మార్చకూడదు, తీసేయకూడదు. ఆ రూలు చెప్పిన రోజు రాజ్యాంగం రాసినంత గర్వంగా ఇంటికి పోయాను.

లావణ్య రాసింది ఇది: 'మా నాయన రెండించులు అంటాడు. బిందె పెట్టి చూస్తే కాలించి. మోటారు ఆన్ చేస్తే కొంచెం సేపు నీళ్ళొస్తాయి, మళ్ళా గాలి వస్తాది. అప్పుడు ఆపల్ల. ఆ నీళ్ళు తొట్టికి పట్టి ఆవులకు పెడతాము.'

నెట్టులోంచి బోరు

కొన్ని వారాలకు లావణ్య తండ్రి వెంకటరమణప్ప ఇస్కూలుకు వచ్చాడు. పలుచటి మనిషి, మాట నెమ్మది. మేడం గదిలో కూర్చున్నాడు. వానల సంగతి మాట్లాడాడు, నా గొంతు ఎట్లుందని అడిగాడు, చాయి తాగాడు, గ్లాసు కిటికీలో పెట్టాడు.

"మేష్ట్రూ, ఆ నెట్టులోంచి మా బోరు తీసేయండి" అన్నాడు.

ఆయన కొడుకు శీనప్పకు ముప్పై దాటి చాలా రోజులైంది. చింతామణి దగ్గరి పల్లె నుంచి ఒక సంబంధం వచ్చింది, శుక్రవారం వాళ్ళు ఇల్లు చూడడానికి వస్తున్నారు. ఊళ్ళో ఎవరో కుర్రవాళ్ళు, మీ బోరు నెట్టులో ఉందని ఆయనకు చూపించారు. మా ఊరి పేరు పెట్టి వెతికితే నెట్టులో ఇంకేమీ లేదు, మా తొమ్మిదో తరగతి బ్లాగు ఒక్కటే దొరుకుతుంది. ప్రపంచానికి మా ఊరంటే లావణ్య రాసిన కాలించి నీళ్ళే.

"ఎన్ని సంబంధాలు పోయినాయో మీకు తెలీదు మేష్ట్రూ. ఒకరు రోడ్డు దూరమన్నారు, ఒకరు బెంగళూరులో పని లేదన్నారు. వీళ్ళు నీళ్ళు ఒకటే అడిగినారు. రెండించులని చెప్పేసినాను. ఇది పోతే వానికింక పెండ్లి లేదు."

కోపంగా అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. అరిచే తల్లిదండ్రులను ఎలా పంపాలో ఏ మేష్టరుకైనా తెలుసు. ఈయన అడుక్కుంటున్నాడు. నేను గొప్పగా తయారుచేసిన పాఠం వల్ల ఒక ఇంటి పెండ్లి ఆగిపోవచ్చన్నది అప్పుడే నా బుర్రకెక్కింది.

గిరిజమ్మ మేడానికి వెంటనే ఉపాయం తోచింది. "తీసేస్తే ఏదో దాస్తాండారని అనుమానం వస్తాది. ఉండనీండి. కాలించి ఉండే తావులో రెండించులని చేసేయండి, అయిపోతాది."

నేను నా రూలు గుర్తుచేశాను. రాజ్యాంగాన్ని పక్కన పెట్టి ఆ అమ్మాయిని పిలిపించమన్నారు. లావణ్య వచ్చి తండ్రి పక్కన నిలబడింది. సంగతంతా విన్నది. మొదట తండ్రిని చూసింది, తర్వాత నేలను చూసింది.

"తీసేయమంటే తీసేస్తా సార్, మా అన్న పెండ్లి కదా. రెండని మాత్రం రాయను. కొలిచింది నేను."

వెంకటరమణప్ప తీసేస్తే చాలన్నట్టు తల ఊపి, మేడానికి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మూలన ఉన్న అంకె

తీసేయాలంటే బ్లాగు లోపలి పేజీకి పోవాలి. అక్కడ ఒక మూల ఎర్రగా ఒక అంకె ఉంటుంది. అది రోజూ కాస్త కాస్త పెరిగేది. ఆ రోజు ఎండ ఎంతో చెప్తోందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. లావణ్య దాన్ని నొక్కింది. బ్లాగు చదివినవాళ్ళు రాసిన మాటలు, నేను చూసి ఒప్పుకుంటే తప్ప బయట కనపడనివి, అక్కడ కుప్పగా పడి ఉన్నాయి. చెప్పులు అమ్మేవాళ్ళు, లాటరీ తగిలిందనేవాళ్ళు, ఎప్పుడో మా ఇస్కూల్లో చదివి దుబాయి పోయిన ఒకాయన. పిల్లలు రాయడం మొదలుపెట్టిన రోజు నుంచి మనుషులు మా తలుపు తడుతూనే ఉన్నారు, నేను తెరవలేదు.

లావణ్య రాసినదాని కింద ఒకే మనిషివి మూడు ప్రశ్నలు ఉన్నాయి. పేరు లేదు, 'చింతామణి' అని మాత్రం ఉంది. అదీ కన్నడ అక్షరాల్లో తెలుగే. ఏ నెలలో కొలిచినారు? ఎండాకాలంలో ఎంత వస్తాది? ఇంకో బోరు వేసే ఆలోచన ఉండాదా?

చింతామణి అన్న మాట చూడగానే నాకు శుక్రవారం వచ్చేవాళ్ళు గుర్తొచ్చారు. లావణ్య మాత్రం ఆ ప్రశ్నలను ఇంకోసారి చదివింది. అడిగినవాళ్ళకు జవాబు చెప్పకుండా తీసేయడం బాగుండదు కదా సార్, చెప్పి, రేపు పొద్దున తీసేస్తానంది. అడిగింది ఎవరో ఆ అమ్మాయి కనిపెట్టిందో లేదో నాకు అప్పుడు తెలియదు, తర్వాత అడిగినా చెప్పలేదు. జవాబు ఇట్లా రాసింది: 'ఫిబ్రవరిలో కొలిచినాము. మేలో అరగంట వస్తాది, మళ్ళా మధ్యాహ్నం దాకా ఆపల్ల. గడ్డి, కనకాంబరాలు పెట్టినాము. టమోటా పెట్టము. ఇంకో బోరు సంగతి మా నాయన్ని అడగల్ల.'

మరుసటి రోజు పొద్దున చెప్పిన మాట ప్రకారం తీసేసింది. బటను తనే నొక్కింది. నేను పక్కనే నిలబడి కిటికీలోంచి బయటికి చూశాను.

ఇల్లు చూసిన రోజు

శుక్రవారం నన్నూ రమ్మన్నాడు వెంకటరమణప్ప. మేష్టరు వచ్చి కూర్చుంటే ఇంటికి గౌరవమట. మీరేం మాట్లాడొద్దు, కూర్చుంటే చాలన్నాడు. నా జీవితంలో ఎవరూ నాకు అంత కష్టమైన పని అప్పగించలేదు.

పొలంలో గట్టు చివర పైపులోంచి నీళ్ళు దూకుతున్నాయి. ముందు రోజు ట్యాంకర్లతో తొట్టి నింపి, దానికి చిన్న మోటారు పెట్టి, బోరు పైపులోకి కలిపారు. ఆ ధార చూసి కొంగలు ఆంధ్రా నుంచి బయలుదేరాయి. పెండ్లికూతురి తండ్రి నారాయణప్ప పైపు ముందు నిలబడి, తృప్తిగా చెయ్యి తడుపుకున్నాడు. వాళ్ళతో పెండ్లికూతురు మమత కూడా వచ్చింది. చింతామణిలో ఒక విత్తనాల అంగట్లో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే ఉద్యోగం. తాను ఉండబోయే ఇల్లు తానే చూస్తానని పట్టుబట్టిందట.

లోపల చాపల మీద కూర్చున్నాం. నీళ్ళ సంగతి నారాయణప్ప అడగనే లేదు, చూశాడు కదా. వెంకటరమణప్పే చెప్పుకున్నాడు, రెండించులకు తక్కువ లేదని. లావణ్య కాఫీలు తెచ్చింది. మమత గ్లాసు తీసుకుని, నీ పేరేమని అడిగింది. చెప్పింది.

"కాలించి, మేలో అరగంట. రాసింది నువ్వేనా?"

లావణ్య ట్రే పట్టుకుని అట్లాగే నిలబడింది. తండ్రి వైపు చూడలేదు. "నేనే అక్కా" అంది.

పొలంలో పైపు చప్పుడు లోపల అందరికీ వినిపించింది. నారాయణప్ప, ఇదేమి అన్నట్టు కూతుర్ని చూశాడు. మమత గొంతు పెంచలేదు. ఈ సంబంధం పేరు చెప్పిన రోజే ఊరి పేరు పెట్టి వెతికానని, దొరికింది చదివానని చెప్పింది. ఇంతవరకు తమకు వచ్చిన సంబంధాలన్నిటిలో రెండించులే చెప్పారంది. తమ ఇంట్లో కూడా ఆ మాటే వింటూ పెరిగిందట. ఈ బోరులో పడలేదు, వచ్చేదానిలో రెండించులు పడతాయని నారాయణప్ప బోరు మీద బోరు వేశాడు. శెనక్కాయల పొలమంతా ఆ రంధ్రాల్లోకే పోయింది. ఇది కూతురు పదిమందిలో చెప్తుంటే ఆయన కాదనలేదు, తల ఎత్తలేదు.

"ఎన్ని ఇంచీలైనా కానీ అప్పా" అంది మమత, వెంకటరమణప్పను చూసి. "ఉండేది కొలుచుకునే ఇల్లు నేను చూసింది ఇదొక్కటే. ఇంకో బోరు మాత్రం వేయకూడదు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెండ్లి కాగానే కొత్త బోరు వేయాలని వెంకటరమణప్ప అప్పటికే లారీ వాళ్ళతో మాట్లాడి పెట్టాడు. ఊరంతటికీ తెలుసు. ఆ బోరు మీద ఆయన పెట్టుకున్న ఆశ కొడుకు పెండ్లి మీద పెట్టుకున్నదానికి తక్కువేం కాదు.

"కాలించి కూడా లేదమ్మా ఇప్పుడు" అన్నాడు చివరికి.

అప్పటిదాకా ద్వారబంధానికి ఆనుకుని నిలబడిన శీనప్ప, పెండ్లికొడుకు, ఆ రోజుకు మొదటి మాట మాట్లాడాడు. "వేయము" అన్నాడు. ఆ అమ్మాయితో అన్నాడు, చూసింది మాత్రం తండ్రిని.

వెంకటరమణప్ప లేచి బయటికి పోయాడు. అలిగి పోయాడనుకున్నాం. కాసేపటికి పైపు చప్పుడు ఆగింది. మోటారు ఆపి వచ్చి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, మళ్ళీ తన చాప మీద కూర్చున్నాడు.

మీకు చెప్పదలచుకున్నది

పెండ్లి జరిగింది. బోరు వేయలేదు. ఆవులు పెరిగాయి. బ్లాగులోంచి తీసేసినదాన్ని మళ్ళీ ఎలా తెప్పించాలో నాకు తెలియక, వదినా ఆడబిడ్డా కలిసి కొత్తగా కొలిచి కొత్తగా రాశారు. ముందుకంటే తక్కువే వచ్చింది. అట్లాగే రాశారు.

బాగా ముగిసింది కాబట్టి నేను దీన్ని నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. ముగియకపోయి ఉంటే, శీనప్ప పేరు నా నోట వచ్చేది కాదు. టూల్స్ అంటే మీకు భయం అక్కర్లేదు, అవి నాలుగు రోజుల్లో వస్తాయి, నాకే వచ్చాయి. గోడ లేని గోడ పత్రిక మీద మీరు అంటించేది ఎవరి ఇంటి సంగతి అని మాత్రం అంటించకముందే ఆలోచించండి. ఆ తర్వాత నేను పిల్లల ఇళ్ళకు పోయి పెద్దవాళ్ళను అడగకుండా ఒక్క అంకె కూడా ఎక్కించనీయలేదు. మూలన ఎర్రగా కనిపించే అంకెను రోజూ నొక్కాను. చదివేవాళ్ళు ఉన్నారని తెలిశాక పిల్లలు రాసే తీరే మారిపోయింది, గైడులోని నది మళ్ళీ మా ఊరి వైపు రాలేదు.

ఇంకొకటి కూడా మారింది. శీనప్ప పెండ్లి ఎలా కుదిరిందో తాలూకులో పాకింది. మేము అడగక్కర్లేకుండానే పెద్దవాళ్ళే ఇస్కూలు గేటు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. మా బోరు కూడా కొలిపించండి, నెట్టులో వేయించండి అని. వరస ఎంత పొడుగుండేదంటే చివరివాడు ఆంధ్రాలో నిలబడాల్సి వచ్చేది.

అందులో అంజినప్ప అని ఒకాయన. ఊళ్ళో నిజంగా రెండించుల నీళ్ళున్నది ఆయన బోరులో ఒక్కదానిలోనే. ఇద్దరు కొడుకులు, ఇద్దరికీ పెండ్లి కాలేదు. కొలిచాక ఆయన నన్ను వేపచెట్టు కిందికి తీసుకుపోయి, రెండని రాస్తే ఇప్పుడెవరూ నమ్మరు, అరించి అని రాయించమన్నాడు. అప్పటికి పదో తరగతికి వచ్చిన లావణ్యను అడిగి చూశాను. రెండే రాస్తానంది. ఆయన ఆ అమ్మాయిని బతిమాలాడు, మేడాన్ని బతిమాలాడు, చివరికి విసిగి నా దగ్గరికే వచ్చాడు.

"ఒక మాట అటూ ఇటూ చేసి చెప్పేవాళ్ళు మీ ఇస్కూల్లో ఒక్కరూ లేరా మేష్ట్రూ?"

"ఒక్కడు ఉండాడప్పా" అన్నాను. "వాడూ ఈ నెలాఖరుకు వాలంటరీ తీసుకుంటాండాడు."